మేను లేని రథము

గడచిన కార్తికమాసములో మేము నెల్లూరునందొక పెండ్లి చూచుకొని బస్సులో ఒంగోలునకు మరలి వచ్చుచుంటిమి. వాన యెడతెగక కురియుచుండెను. కావలి ప్రాంతమున టోలుగేటు కడ మా బస్సు నిలిచినప్పుడు ప్రక్క వరుసలో నొక వింతబండిని చూచి పిల్లలు కేకలు వేసిరి. ముందొక యంత్రము, దాని వెనుక రెండు పొడవైన యినుప దూలములు, క్రింద చక్రములు, అంతియే. తలుపులు లేవు, కప్పు లేదు, ఎదుట అద్దమైనను లేదు. తలకు తువాలు చుట్టుకొని, కన్నులకు అద్దములు పెట్టుకొని, యొక మనుష్యుడు తడిసి ముద్దయి చెక్కపీటపై కూర్చుండెను. “అమ్మా, లారీ యెముకలగూడు!” అని మా చిన్నవాడనెను. నేనును నవ్వితిని. ఆ మనుష్యుడు మా వైపు తిరిగి చేయి యెత్తెను. పిల్లలను చూచి యెత్తెననుకొంటిని.

నాలుగవనాడు మా పినతల్లి కుమారుడు జ్వరముతో మా యింటికి వచ్చెను. మంచముపై ఒరిగి, “అక్కయ్యా, మొన్న బస్సు కిటికీ దగ్గర నవ్వింది నువ్వే గదా?” అనెను. వాని మాటలో నిష్ఠూరము లేదు. అందుచేతనే నాకు మఱింత సిగ్గయ్యెను.

వాడు కంపెనీ డ్రైవరని మాత్రమే మా పినతల్లి యెఱుగును. తల్లికడకు బోక నా కడకు వచ్చుటకును అదియే కారణము.

జ్వరము తగ్గిన పిమ్మట, “ఒళ్లు లేని బండిని రోడ్డు మీదికి తెచ్చుట యెందుకురా?” అని యడిగితిని. వాడు చెప్పినది, మావారు విడమరచినది కలిపి నాకు తెలిసినంత వ్రాయుచున్నాను. మన దేశమున లారీలు పెక్కులు కర్మాగారమునుండి ఛాసీగా మాత్రమే అమ్ముడుపోవును. అనగా యంత్రము, చక్రములు, చట్రము. తక్కినది కొన్నవాడు తన పనికి తగినట్లు కట్టించుకొనవలెను. ధాన్యపు బస్తాలకు చెక్కల తొట్టి కావలెను. రొయ్యలకు చలువ చెడని పెట్టె కావలెను. ఇసుకకు ఎత్తి పోయు తొట్టి, నూనెకు పీపా. సరకుతో గూడ బండి మొత్తము బరువు ఇంతకు మించరాదని చట్టము నిర్ణయించినది గనుక, ఒంటి బరువు పెరిగిన కొలది సరకు తగ్గును. కావున దూలము దూలమునకును బేరమే. ఇల్లు కట్టించుట యన్నట్లే “బాడీ కట్టించుట” యందురు. మనవైపు దీనికి విజయవాడ ఆటోనగరు పేరొందినది. అఱవదేశమున నామక్కల్లు ప్రాంతము. వడ్రంగులు, కమ్మరులు, రంగులు వేయువారు అచ్చట నొక బండి చుట్టు చేరుదురట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోనే ఇట్టి ఛాసీ ఒళ్లు కట్టు చోట నిలిచిపోయినచో తాత్కాలికపు నంబరు గడువు పెంచుటకు వీలు కల్పించిరి.

చిన్న పికప్ బండ్లు కొంత నయము. వానికి ముందు గది యుండును. వెనుక మాత్రము బోసి. పాలపెట్టె తీసివేసి టిఫిను కొట్టు బిగించుకొనదలచినవారు, తుప్పుపట్టిన తొట్టి మార్చుకొనువారు, ఈ ఒంటికిని ఆ ఒంటికిని నడుమ అట్లే బోసిగా తోలుకొని పోవుదురు.

పెద్ద ఛాసీల సంగతి వేఱు. చెన్నపట్టణము దాపుననున్న ఎన్నూరునుండి విజయవాడకు 16వ జాతీయ రహదారిపై నాలుగువందల కిలోమీటర్లకు మించిన దూరము. టన్నుల బరువు మోయుటకు చేసిన ఇనుప పట్టీలు ఖాళీ బండిలో వంగవు. ప్రతి గతుకును వెన్నులోనికి పోవును. తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు త్రొక్కినచో తేలికయైన వెనుక చక్రములు పట్టుకొనిపోయి జారును. సందెవేళ పురుగులు కన్నులలో పడును. కూలి యాత్రకింతయని, దారి భోజనమును, తిరుగు రైలు టిక్కెట్టును అందులోనివే.

మా నాయనగారు నాకు ఆదిపర్వము చెప్పిన దినములు జ్ఞాపకమునకు వచ్చెను. వినత తొందరపడి గ్రుడ్డు చిదుపగా తొడలు లేక పుట్టిన అనూరుడు సూర్యునకు సారథియయ్యెను. ఆ వేడికి ముందు తానే యెదురుగా కూర్చుండెను. అచ్చట సారథికి ఒడలు నిండలేదు. ఇచ్చట రథమునకు నిండలేదు. చిన్నతనమున నాకు అనూరునిపై జాలి కలిగెడిది. టోలుగేటు కడ మాత్రము నవ్వు వచ్చెను. చదువు ఏ మూల దాగియుండెనో!

క్రొత్తగా తయారగు పెద్ద లారీలలో డ్రైవరు గదికి చలువయంత్రముండి తీరవలెనని ప్రభుత్వము నియమము చేసినదని మావారు సంతోషముతో చెప్పిరి. తమ్ముడు నవ్వి, “మంచిదే బావగారూ. గది కట్టిన తర్వాత గదా చలువ! ఆ గది కట్టే చోటికి తోలేవాణ్ణి నేను” అనెను. మావారు మఱి మాటాడలేదు. మఱునాడు తమ సైకిలు ప్రయాణములకు దాచుకొన్న వానకోటు తెచ్చి వాని సంచిలో పెట్టిరి. నేను తువాలునకు బదులు చెవులు మూయు టోపీ యొకటి కుట్టితిని. మెడక్రింద ముడి గట్టిగా నుండవలెనని రెండుమాఱులు విప్పి కుట్టవలసి వచ్చెను. వాడు శుక్రవారము తెల్లవాఱకముందే వెడలిపోయెను.

ఆ సాయంకాలమే మా పినతల్లి ఫోను చేసెను.

“మావాడు ఏ లారీలు తోలుతున్నాడే?”

“అన్నీ క్రొత్తవే పిన్నీ” అంటిని.

“పోనీలే. పైకప్పు వానకు కారదు గదా?”

“కారదు పిన్నీ” అంటిని.