ఊరొచ్చింది, నిద్ర రాలేదు

పెళ్లికని హైదరాబాద్ వెళ్లి నిమ్మాడ వచ్చేశాం గానీ, మా రెండేళ్ల గుంటడి నిద్ర ఇంకా రైలు దిగలేదు. రాత్రి పదకొండున్నరకి బంతి పట్టుకొచ్చి "ఆడు" అంటాడు. అక్కడ అర్ధరాత్రి దాకా ఒకరి చంకలోంచి ఒకరు ఎత్తుకుని ముద్దు చేశారు మరి. ఇక్కడ తొమ్మిదింటికే వీధి తలుపులేసేస్తే వాడికేం నచ్చుతుంది?

మా అత్తగారు దిష్టే అన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటుకి నేను దగ్గాను, వాడు నవ్వాడు.

నేను పట్టుకున్నది పొద్దుటి పూటని. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఆరున్నరకి లేపేస్తున్నా. ఏడుస్తాడు, ఏడవనీ. అరుగు మీద వెలుతుర్లో కూర్చోబెట్టి, హైవే మీద లారీలు చూపిస్తూ చోడి అంబలి తాగిస్తా. పగటి నిద్ర మూడు దాటనివ్వను. ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వెలుతురు, తిండి వేళకి పడితే నిద్ర దారికొస్తుంది; బతిమాలితే మాత్రం రాదు.

ఫోను ఆమదాలవలసలో దిగేదాకా వాడి చేతిలోనే ఉంది (రైల్లో ఇవ్వకుండా ఉండగలిగిన తల్లికి నా దండం). ఇప్పుడు బీరువా మీద. "ఫోను బజ్జుంది" అంటే నమ్మేస్తున్నాడు పాపం.

నిన్న పదింటికే పడుకున్నాడు. ఇవాళ మా మరిది టెక్కలి నుంచి ఆలస్యంగా వచ్చి గుర్రం ఆట మొదలుపెట్టకపోతే ఇంకాస్త ముందే పడుకుంటాడేమో. మరిదిగారూ, ఇది మీరు చదువుతారని నాకు తెలుసు.