పెట్రోలు ఎక్కడ ఆగింది?

పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో అడుగుపెడితే సుత్తి దెబ్బలే సుప్రభాతం! ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. పక్క వీధిలో పాత ఇంజిన్లు విప్పుతుంటారు. మెకానిక్కులే సంఘంగా ఏర్పడి 1960ల్లో నిలబెట్టుకున్న పేట ఇది. ఇన్ని కొత్త బండ్ల మధ్య అప్పుడప్పుడూ ఓ తెల్ల అంబాసిడర్‌ తాడు కట్టించుకుని మరీ వస్తుంది. తాతగారి కారు. ఆర్నెల్లుగా షెడ్డులోనే ఉంది. పెళ్లికి తీద్దామంటే స్టార్టు కాలేదు!

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇళ్లలో మిగిలినవాటికి మాత్రం నాడి పట్టే మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీ ముందుగా స్పానర్‌ పట్టుకోడు... ప్రశ్నలు వేస్తాడు.

‘‘ఎన్నాళ్ల నుంచి తీయలేదండీ? ట్యాంకులో ఉన్నది పాత పెట్రోలేనా? సెల్ఫ్‌ కొడితే ఇంజిన్‌ తిరుగుతోందా?’’

తిరగకపోతే ముందు బ్యాటరీ, సెల్ఫ్‌ మోటారు చూడాలి. తిరిగినా అంటుకోకపోతే ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూస్తాడు. అదీ బాగుంటే ఇక వెతకాల్సింది వెనకున్న ట్యాంకు నుంచి ముందున్న కార్బొరేటర్‌ దాకా సాగే దారినే.

సీసా చెప్పే సాక్ష్యం

ఆ దారిని రెండుగా విడగొట్టడమే కిటుకు. కార్బొరేటర్‌కి వచ్చే గొట్టం ఊడదీసి సీసాలో పెడతారు. నిప్పురవ్వ పుట్టకుండా కాయిల్‌కు వచ్చే కరెంటు తీసేసి సెల్ఫ్‌ కొట్టమంటారు. పెట్రోలు ఆగి ఆగి బలంగా చిమ్మితే ట్యాంకు, పంపు నిర్దోషులు. సీసా అడుగున నీళ్లో తుప్పో కనిపిస్తే ట్యాంకు కడగాల్సిందే. ఆ చుట్టుపక్కల బీడీ ముట్టిస్తే మాత్రం మేస్త్రీ ఊరుకోడు. నోటితో పెట్రోలు లాగడమూ కుదరదు.

చుక్క కూడా రాకపోతే తప్పు వెనకవైపు ఉన్నట్టు. మడ్డి చేరిన ట్యాంకు, మూసుకుపోయిన ఫిల్టరు, పెట్రోలు బదులు గాలి పీల్చే పగిలిన గొట్టం, చిరిగిన పంపు డయాఫ్రమ్‌... అనుమానితులు వీళ్లే. పంపు దగ్గర గొట్టం విప్పి చేతిపంపుతో వెనక్కి గాలి కొడితే ట్యాంకులో బుడబుడమనాలి. అన్నదంటే దారి తెరిచే ఉంది... ఇక గొట్టం పగుళ్లు, పంపు చూసుకోవాలి. బండి కాసేపు నడిచి ఆగిపోతోందా? ట్యాంకు మూత తిప్పి చూడాలి. ‘సుయ్‌’మని గాలి లోపలికి వెళితే మూతకున్న సన్నని రంధ్రం పూడుకుపోయిందన్నమాట!

కార్బొరేటర్‌ దాకా పెట్రోలు వస్తున్నా అంటుకోకపోతే దాన్ని విప్పక తప్పదు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు ఆవిరై బంకలా మిగులుతుంది. అది జెట్ల రంధ్రాలను మూసేస్తుంది, ఫ్లోట్‌ దగ్గరి సూదిని అంటించేస్తుంది. రంధ్రాల్లో తీగ పెట్టి పొడిస్తే అవి పెద్దవైపోయి బండి పెట్రోలు తాగేస్తుంది. అందుకే గాలితోనే శుభ్రం చేస్తారు. బెజవాడ ఎండల్లో ఇంకో తిప్పలుంది. గొట్టంలోనే పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోతుంది. ఇంజిన్‌ ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారనిస్తే చాలు... మళ్లీ కదులుతుంది.

కొత్త పెట్రోలు... పాత రబ్బరు

ఈ బండ్లకు ఇప్పుడు కొత్త పరీక్ష వచ్చింది. దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలపడమన్న లక్ష్యాన్ని 2025లో చేరుకున్నారు. ఇథనాల్‌ పాతకాలపు రబ్బరును ఉబ్బించి పాడుచేయగలదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే గొట్టాలు, డయాఫ్రమ్‌ దాన్ని తట్టుకునే రకానివి వేయించుకోవడం, ట్యాంకులో పెట్రోలు నిలవుంచి బండిని నెలల తరబడి వదిలేయకపోవడం మంచిది.

ఇప్పటి కుర్రాళ్లు స్కానర్‌ తగిలించి లోపం చదువుతారు. అంబాసిడర్‌ కార్బొరేటర్‌కి స్కానర్‌ తగిలించే చోటే లేదు. దాని భాష చెవితో, ముక్కుతో, కంటితో నేర్వాల్సిందే. నేర్పేవాళ్లేమో తగ్గిపోతున్నారు. ఆ భాష రానివాళ్ల చేతిలో పడితే పంపు మారుతుంది, ఫిల్టరు మారుతుంది, కార్బొరేటరూ మారుతుంది... బండి మాత్రం కదలదు. డబ్బంతా పోశాక ఇంటివాళ్లు తాతగారి కారును తుక్కు కింద అమ్ముకుంటారు.

‘‘పంపు విప్పెయ్యనా మేస్త్రీ?’’ అడుగుతాడు కొత్తగా చేరిన కుర్రాడు.

‘‘సీసా పెట్టి చూశావా?’’

‘‘ఇంకా లేదు.’’

‘‘మరి పంపు తప్పని నీకెవరు చెప్పారురా?’’