కొన కాని కొనయొద్ద

గోదావరి యొడ్డున పుట్టి, ఆషాఢమున ఎఱ్ఱనీరు దిగినదను వార్త చెవిని బడగానే పులసకై నోరూరు జాతికి చెందినవాడను గనుక, చేప యనగా నాకు మొదటినుండియు పులుసే గాని, ఆ పులుసునకు పూర్వరంగమైన వేటను గూర్చి యెన్నడును విచారించియుండలేదు. వేట బెస్తవారిది, బేరము మా యింటిదానిది, భోజనము నాది. నలుబదియేండ్లుగా మా యింట చెల్లుచున్న యీ యేర్పాటునకు భంగము మా యల్లునివలన కలిగినది. సియాటిల్ నగరమునకు చేరువనున్న రెడ్‌మండ్‌లో సాఫ్టువేరు కొలువు చేయుచు, వారమునకైదు దినములు కంప్యూటరు తెర ముందు కూలబడియుండు నతడు, ఆరవ దినమున 17 అడుగుల అల్యూమినియము పడవను కారు వెనుక తగిలించుకొని సముద్రము మీదికి పోవును. నేనును మా యింటిదియు అతని యింట నుండగా, సెప్టెంబరు మాసములో నొక శనివారము తెల్లవారుజామున నాలుగింటికి నన్నును లేపెను.

“మామయ్యగారూ, కోహో సాల్మన్లు వస్తున్నాయి. ఒక్కసారి రండి, మీకూ లైసెన్సు తీశాను.”

“తెస్తే తింటాను బాబూ, పట్టడానికి నేనెందుకు?” అని గొణిగితిని గాని, ఆ గొణుగుడు లైఫ్ జాకెట్టు పట్టీలలో చిక్కుపడి యణగిపోయినది.

ప్యూజెట్ సౌండ్ అనబడు నా జలభాగము, ఒకప్పటి హిమానీనదములు తొలిచిన లోతులలోనికి పసిఫిక్ మహాసముద్రము చొచ్చుకొనివచ్చుటచే నేర్పడినది. పేరులో సౌండున్నను, ఆ వేళ మా మోటారు తప్ప మఱియొక చప్పుడు లేదు. మంచు నీటిమీద దుప్పటివలె పఱచుకొనియుండెను. కొంత తడవునకు ఆ మంచులోనుండి తెల్లని దీపస్తంభమొకటి పొడకట్టినది. దాని చోటు పేరు పాయింట్ నో పాయింట్, అనగా కొన కాని కొన. 1841లో అమెరికా నౌకాదళమువాడగు చార్లెస్ విల్క్స్ ఈ తీరములను సర్వే చేయుచు వచ్చి, దూరమునుండి పెద్ద కొనవలె గనబడిన నేల దగ్గఱకు వచ్చుసరికి చిన్నబోవుటచే నా పేరు పెట్టెనట. 1879లో కట్టిన యా దీపస్తంభము ఈ సౌండున నున్నవానిలో నెల్ల పాతది. దూరమునుండి పెద్దవిగా గనబడి చేరువైనకొలది చిన్నబోవువాటికి పేర్లు పెట్టుచు కూర్చున్నచో విల్క్సుగారికి ఒక జన్మ చాలియుండదు. అది వేఱు మాట.

అచ్చట పోటునీరును పాటునీరును కొనను ఒరసికొని పోవుచు సుడులు తిరుగును. ఆ సుడులలో హెర్రింగు చేపపిల్లలు గుంపులు గట్టును. వానికై సాల్మన్లు వచ్చును. సాల్మన్లకై మావంటివారు ముప్పదినలుబది పడవలలో వచ్చియుండిరి. అల్లుడు సరంజామా విప్పెను. నీటి లోతును చేపల జాడను చూపు తెర యొకటి. ఉక్కుతీగ కొసను పది పౌనుల సీసపు గుండు వ్రేలాడు డౌన్‌రిగ్గరను యంత్రమొకటి. గాలపుత్రాటిని ఆ తీగకు చిన్న పట్టుతో తగిలించి గుండును నూఱడుగుల లోతునకు దింపి పడవను మెల్లగా నడపినచో, చేప ఎఱను పట్టినప్పుడు పట్టు వదలి త్రాడు స్వేచ్ఛనొందునట. త్రాటిమీద ఎఱకు ముందు గిరగిర తిరుగుచు తళుకులీను ప్లాస్టికు పలక వేఱొకటి. ఇంత సన్నాహము జూచి నాకు చేపమీద జాలి కలిగినది. ఎదుటివాని చేత ఒక రెక్కయు ఒక తోకయు తప్ప నేమియు లేనప్పుడు ఇది వేటయా, దండయాత్రయా?

ఈ సందేహములో నుండగా, మాకు ఏబది గజముల దూరమున మోటారు ఆపివేసి, నీటి వాలునకు తేలిపోవుచున్న చిన్న కఱ్ఱపడవలో జపానుదేశపు ముఖకవళికలుగల వృద్ధుడొకడు గాలపుకఱ్ఱను మెల్లగా నెత్తుచు దింపుచు కనబడెను. అతని యొద్ద తెర లేదు, గుండు లేదు, పలక లేదు.

“ఆయన మూచింగ్ చేస్తున్నారు, మామయ్యగారూ. పాత పద్ధతి. సియాటిల్లో జపానువాళ్ళ టెంగూ పోటీ అని ఒకటుంది, దాంట్లో ఇది తప్ప ఇంకోటి ఒప్పుకోరు.”

ఆ పోటీ కథ నన్ను చేపకంటె నెక్కువగా పట్టినది. 1942లో, యుద్ధకాలమున, అమెరికా ప్రభుత్వమువారు ఈ పడమటితీరమందలి జపాను సంతతివారినందఱను వారి యిండ్లనుండి, దుకాణములనుండి, పడవలనుండి లేవదీసి, ముండ్లతీగల నడుమ శిబిరములలో నుంచిరి. యుద్ధానంతరము మరలివచ్చిన వారు ఎలియట్ అఖాతమున శీతకాలపు చేపలపోటీని సాగించుకొనుచు, తమ నియమములను తామే విధించుకొనిరి: తళుకుపలకలు కూడవు, కృత్రిమపు ఎఱలు కూడవు, హెర్రింగు ముక్కయు సీసపు తునకయు చేతి నేర్పును మాత్రమే. టెంగూ యనగా జపాను కథలలోని పొడవుముక్కు భూతమట. చేపలవేటగాండ్ర గొప్పలు చెప్పుకొను గుణమునకు అంతకు మించిన దేవత దొరకదు.

ఇట్టిదే మఱియొకటి కెనడా దేశమున, వాంకూవరు ద్వీపమునందలి కాంప్‌బెల్ రివరు ముఖద్వారమున గలదు. 1924లో స్థాపితమైన టైయీ క్లబ్బువారు, జులై 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు, మోటారు లేని తెడ్లపడవలో, ఒంటిగాలముతో, ఇరువది పౌనుల బరువునకు తెగిపోవు త్రాటితో, ముప్పది పౌనులకు తక్కువకాని చినూకు సాల్మనును పట్టినవానికే సభ్యత్వమిత్తురు. టైయీ యనగా ఆ తీరమున ఒకప్పటి వర్తకభాషలో నాయకుడని యర్థము. సమస్తయంత్రములును కనిపెట్టిన జాతి ఒక చేప ముందు వానినన్నిటిని తీసి ప్రక్కనబెట్టి తెడ్డు చేతబట్టుట తొలుత నాకు సంపన్నుల వేషమువలె తోచినది. పిమ్మట మా అమ్మ ఏకాదశులు జ్ఞప్తికి వచ్చినవి. గాదె నిండియుండియు తినకుండుట యామె వ్రతము. ఆ వ్రతమున ఆమె ముఖమున నేను చూచిన వెలుగు కపటము కాదు.

అయినను, గాదె నిండినవాడు చేయునది ఏకాదశి, గాదె ఎండినవాడు చేయునది పస్తు. ఈ కొనయొద్దనే 1855 జనవరిలో ఇచ్చటి మూలవాసులు తమ భూములను వదలుకొని, అలవాటైన తావులలో చేపలు పట్టుకొను హక్కును మాత్రము నిలుపుకొనుచు ఒడంబడికపై గుర్తులు పెట్టిరి. తరువాతి శతాబ్దమున, ఇట్టి ఒడంబడికలు నిలిపిన హక్కును వినియోగించినందులకే మూలవాసులను చెఱబట్టిరి. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియరు ఏబదిసార్లకు పైగా అరెస్టయ్యెను. 1974లో న్యాయమూర్తి జార్జి బోల్ట్ ఆ ఒడంబడికలను మఱల చదివి, పట్టదగిన చేపలలో సగము మూలవాసుల తెగలదని తీర్పు చెప్పినపుడు, వినోదవేటగాండ్రు ఆయన దిష్టిబొమ్మను ఉరితీసిరట. వినోదమునకు కోపము వచ్చినచో ఆకలికి వచ్చినదానికంటె నెక్కువగా నుండును కాబోలు.

“అల్లుడుగారూ, మనమూ ఆ పెద్దాయనలాగే చేద్దామా?” అంటిని. అతడు నవ్వి, డౌన్‌రిగ్గరును పైకి లాగి, మోటారు నాపెను.

హెర్రింగు తలను కత్తితో ఏటవాలుగా కోసివేసి, రెండు గాలములను దాని దేహమున గ్రుచ్చవలెను. కోత వాలు సరిగానున్నచో నీటిలో అది తిరుగలి పిడివలె గిరగిర తిరుగును. గాలములకు వెనుకముల్లు ఉండరాదని చట్టము. చేప విదిలించుకొనుటకు ఆ మాత్రము దారి విడువవలెనట. హెర్రింగు తునకను చేతబట్టుకొనగా పులసకంపు కొట్టినది. విచారింపగా, జంతుశాస్త్రజ్ఞుల లెక్కలో పులసయు హెర్రింగును దగ్గఱ బంధువులే. పుస్తెలమ్మియైనను తినవలసిన వంశమున పుట్టిన దానిని ఇచ్చట ఎఱగా గ్రుచ్చుచున్నారని తెలిసిన మా ఊరివారు నన్ను మరల గుమ్మమెక్కనిచ్చెదరో లేదో!

త్రాటిని అడుగుదాక దింపి, మెల్లగా చుట్టుచు, ఆగుచు, మరల దింపుచు గంటన్నర గడచెను. చేతులు కొంకర్లు పోయినవి. చేప పట్టినచో త్రాడు బిగియునని యెదురుచూచుచున్న నాకు, అది ఉన్నట్టుండి వదులైపోవుట కంటికి ఆననేలేదు. “చుట్టండి, మామయ్యగారూ, చుట్టండి! పట్టుకుని పైకి ఎక్కుతోంది!” అని యల్లుడు కేకవేసెను. ఎఱను నోటగఱచుకొని సాల్మను పైకి వచ్చును. త్రాడు సడలుటయే దాని రాక. చుట్టితిని, కఱ్ఱ విల్లువలె వంగెను, చక్రము కీచుమనెను, నీరు చీల్చుకొని వెండికడ్డీవంటిదొకటి గాలిలోనికి లేచి పడినది. నా వయస్సు, నా కీళ్ళు, నా భోజనసిద్ధాంతము, ఏదియు నప్పుడు నా యొద్ద లేవు.

పడవ ప్రక్కకు వచ్చునప్పటికి దాని ప్రక్కటెముకలతో పాటు నావియు ఎగిరిపడుచుండెను. వలచట్రము నందుకొనిన యల్లుడు దానిని దింపక, వంగి చేప వీపును పరికించెను. వెన్నురెక్కకును తోకకును నడుమ, చిటికెనవ్రేలి గోరంత, మెత్తని కండరెక్క యొకటి యుండెను. పెంపకపు చెఱువులలో పొదిగించిన పిల్లలకు ఆ రెక్కను కత్తిరించి విడుతురు. అది లేనిదానినే యింటికి గొనిపోవచ్చును. ఉన్నది అడవిసంతు; నదిలో తనంత తాను పుట్టి, కడలికి పోయి పెరిగి, పుట్టిన యేటి నీటివాసనను వెదకికొనుచు మరల వచ్చునది. పులస గ్రుడ్లు పెట్టి మరల కడలికి పోగలదు. ఈ జాతికి తిరుగుప్రయాణము లేదు. అట్టిదానిని పడవలోనికి ఎత్తుటయే నేరము.

“అడవిదే. వదిలెయ్యాలి.”

“ఇంత పెద్దదానినా?”

“నీళ్ళలోనే గాలం తీస్తాను. మీరు తాకకండి, పొలుసు ఊడిపోతుంది.”

అతడు పట్టుకారుతో గాలపు తోకను పట్టి తిప్పుచుండగా, ఆ గోరంత రెక్కను ఒకసారి తాకవలెనను చపలత్వము నాకెందుకు పుట్టినదో, చేయి నీటిలో పెట్టితిని. చల్లదనము ముంజేతివఱకు పాకినది. వ్రేలికొనకు మెత్తగా తగిలీ తగలనట్లుగా నేదో జరిగినది. అంతలో గాలము వీడినది, తోక ఒక్కసారి కొట్టినది, నా ముఖమంతయు నీరు. మఱునిమిషమున కఱ్ఱపడవలోని వృద్ధుడు టోపీ యెత్తెను.

చేపను నిలుపుకొన్నచో తక్షణమే సిరాతో నమోదు చేయవలసిన కార్డొకటి అల్లుడు నాకిచ్చియుండెను. దానికై జేబులో కలముకూడ పెట్టుకొనియుంటిని. వదలినదానిని వ్రాయనక్కఱలేదట. సాయంకాలము ఖాళీ కార్డుతో, ఖాళీ పెట్టెతో ఇల్లు చేరితిమి. పొయ్యిమీద చింతపండు పులుసు సిద్ధముగా మరుగుచుండెను.

“చేపేదండీ?”

“పడలేదే.”

మా యింటిది నా కోటు విప్పించుచు, ముంజేతిదగ్గఱ ఉన్నిమీద అంటుకొని తళుక్కుమనుచున్న దానిని గోటితో తీసి, దీపము క్రింద పట్టి చూచెను.

“మఱి ఈ పొలుసెక్కడిది?”