హద్దు అవతల ఏడ్చేవాళ్ళు



ఈసారి ఒక యుద్ధం గురించి రాస్తున్నాము. పల్లెటూరి సంఘకాపరులకు ఆఫ్రికా యుద్ధంతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఓపికతో చివరిదాకా చదవండి. మాకు దానితో ఏం పని పడిందో మేమే చెప్పుకుంటాము.

మా సంఘంలోని ఒక కుర్రవాడు రెండేళ్ళుగా డర్బన్‌లో పనిచేస్తున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి ఇద్దరం విన్నాము. "అయ్యగారూ, అమ్మగారూ, ఇక్కడ తెలుగువాళ్ళు పెట్టుకున్న బాప్టిస్టు సంఘాలున్నాయండీ. మన నెల్లూరు నుంచే ఒక బోధకుడు వచ్చి మొదలుపెట్టారంట" అన్నాడు. ఆయన పేరు జాన్ రంగయ్యగారు. 1903లో మన తెలుగు సంఘాలు పంపగా వెళ్ళి, కేర్స్నీ తేయాకు తోటలో కూలీల మధ్య మొదటి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు.

అసలు మనవాళ్ళు అక్కడికెందుకు వెళ్ళారు? 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అందులో ఉన్నది చెరకు తోటల కోసం ఒప్పందం మీద తీసుకెళ్ళిన కూలీలు. 1911 వరకు అలా లక్షా యాభై వేల మందికి పైగా నటాల్ చేరారు. చాలామంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. చిత్తూరు వైపు నుంచి, విశాఖ, గంజాం వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు వారిలో ఎందరో. అక్కడి జనానికి పొలాలున్నాయి, పశువులున్నాయి. తెల్లవాళ్ళ తోటల్లో ఏళ్ళ తరబడి కట్టుబడి పనిచేయవలసిన అగత్యం వారికి లేదు. అందుకే మనవాళ్ళు కావలసి వచ్చారు.

ఆ తోటలున్న చోటికి ఉత్తరంగా తుగేలా నది ఉంది. ఒకప్పుడు అదే హద్దు. ఇవతల ఇంగ్లీషువారి నటాల్, అవతల జూలూ రాజ్యం. రంగయ్యగారు వెళ్ళడానికి 24 ఏళ్ళ ముందు, ఇంగ్లీషు సైన్యం ఆ నది దాటి జూలూలమీద పడింది. మన తెలుగు పాటలు వినబడిన నేలకు అంత దగ్గరలో ఏం జరిగిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాము. చదివిన కొద్దీ అది మా ఊరి కథలా కనబడింది.

దానికి మొదలు ఒక హద్దు తగాదా. జూలూలకూ, పక్కనున్న ట్రాన్స్‌వాల్ బోయర్లకూ మధ్య కొంత భూమి గురించి ఎన్నో ఏళ్ళుగా గొడవ ఉంది. నటాల్ ప్రభుత్వం 1878లో ఒక కమిషన్ వేసింది. కమిషన్ వారు సాక్ష్యాలు విన్నారు, కాగితాలు చూశారు. న్యాయం చాలావరకు జూలూల వైపే ఉందని తేల్చారు. ఆ నివేదిక దక్షిణాఫ్రికా హైకమిషనర్ సర్ బార్టిల్ ఫ్రేర్ చేతికి వెళ్ళింది. అంతకుముందు మన బొంబాయికి గవర్నరుగా చేసినవాడే ఈయన. భక్తిపరుడని, మిషన్లకు మిత్రుడని పేరు. తీర్పు తనకు నచ్చలేదు. ఆ ప్రాంతమంతా ఇంగ్లీషు జెండా కింద ఒక్కటి కావాలన్నది ఆయన పట్టుదల. సొంత సైన్యమున్న జూలూ రాజ్యం దానికి అడ్డు. అందుకని నివేదికను నెలల తరబడి దగ్గర పెట్టుకున్నాడు.

1878 డిసెంబరు 11న తుగేలా ఒడ్డున ఒక చెట్టు కింద, రాజు సెట్ష్వాయో పంపిన పెద్దలకు హద్దు తీర్పు చదివి వినిపించారు. అదే రోజు దాని వెనకాలే షరతులూ వినిపించారు. జూలూల సైనిక పద్ధతిని 30 రోజుల్లో రద్దుచేయాలి. రాజు దగ్గర ఇంగ్లీషు అధికారి ఒకరు ఉండాలి. వెళ్ళిపోయిన మిషనరీలను తిరిగి రానివ్వాలి. అంతకుముందు ఒక జూలూ పెద్ద కొడుకులు నది దాటి వచ్చి, పారిపోయిన తండ్రి భార్యలు ఇద్దరిని పట్టుకుపోయి చంపారు. వాళ్ళను అప్పగించాలని, 500 పశువుల జరిమానా కట్టాలని మరో షరతు. ఆ హత్యలు ఘోరమే, కాదనలేము. కానీ రాజ్యాన్నే కూల్చడానికి అది సాకు అయింది. ఏ రాజూ ఒప్పుకోలేని షరతులవి. ఒప్పుకోకూడదనే వాటిని పెట్టారు.

షరతుల్లో మిషనరీల మాట ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఆ రాజ్యంలో ఏళ్ళ తరబడి పనిచేసినా మారుమనస్సు పొందినవారు బహు కొద్దిమంది. 1877లో ఎషోవే దగ్గర మక్హముసేలా ఖన్యిలే అనే విశ్వాసి బాప్తిస్మం కోరుకున్నందుకు చంపబడ్డాడు. ఆ సాక్షి రక్తాన్ని మేము తక్కువ చేయము. అయితే కొందరు మిషనరీలు, ఈ రాజు పోతేనే సువార్తకు దారి దొరుకుతుందని అధికారుల చెవిన వేశారు. వాక్యం చేయలేకపోయిన పనిని తుపాకీ చేస్తుందనుకున్నారు.

1879 జనవరి 11న లార్డ్ చెల్మ్స్‌ఫర్డ్ నడిపించిన దండు సరిహద్దు నది దాటింది. 22వ తేదీన ఇసండ్ల్వానా కొండ కింద వారి శిబిరం మీద సుమారు 20,000 మంది జూలూలు విరుచుకుపడ్డారు. శిబిరంలో 1,800 మంది దాకా ఉంటే, 1,300 మందికి పైగా చనిపోయారు. అందులో ఇంగ్లీషు సైనికులే కాదు, వారి వెంట వెళ్ళిన నటాల్ ఆఫ్రికన్లూ వందల్లో ఉన్నారు. జూలూల వైపు వెయ్యిమందికి తక్కువ పోలేదంటారు. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం కూడా పట్టింది.

అదే సాయంత్రం నది దగ్గర రోర్క్స్ డ్రిఫ్ట్‌లో ఇంకో పోరు. అది స్వీడన్ మిషన్ వారి స్టేషన్. మిషనరీ ఇల్లు సైనికుల ఆసుపత్రి అయింది. ప్రార్థన మందిరం సరుకుల గోదాము అయింది. మొక్కజొన్న బస్తాలు, బిస్కట్ పెట్టెలు గోడగా పేర్చి, 150 మంది దాకా సైనికులు తెల్లవార్లూ వేలమందితో పోరాడి నిలబడ్డారు. వారిలో 11 మందికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ధైర్యం ధైర్యమే. కానీ తెల్లారాక, గాయపడి కదలలేక పడివున్న జూలూలను చంపేశారన్నది కూడా చరిత్రే. మరోవైపు ఎషోవేలో నార్వే మిషన్ స్టేషన్ రెండు నెలలకు పైగా ఇంగ్లీషువారి కోట అయింది. దాని చుట్టూ కందకం తవ్వారు. మందిరాన్ని ఆసుపత్రి చేశారు. మక్హముసేలా బాప్తిస్మానికి సిద్ధపడిన చోటు అదే ప్రియులారా! ఇది చదివి మేమిద్దరం పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇసండ్ల్వానా వార్తకు నటాల్ తెల్లవారు వణికిపోయారు. ప్రతీకారం కావాలన్నారు. దేవుని ఎదుట తగ్గించుకొని ప్రార్థించడానికి ఒక దినం ప్రకటించారు. ఆ రోజు, 1879 మార్చి 12న, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ప్రసంగపీఠం ఎక్కినవాడు బిషప్ జాన్ విలియం కొలెన్సో. ఆయన జూలూ భాష నేర్చి, నిఘంటువు రాసి, కొత్త నిబంధనను ఆ భాషలోకి తెచ్చినవాడు. అక్కడివారు ఆయనను సోబంటు, అంటే ప్రజల తండ్రి, అని పిలిచారు. పాత నిబంధన గురించి ఆయన రాసిన పుస్తకాలవల్ల పెద్ద బిషపు ఆయనను పదవిలోంచి తీసేశానన్నాడు, కోర్టు తీర్పుతో నిలబడ్డాడు. ఆ పుస్తకాల్లోని తలంపులను మేము అంగీకరించము. కానీ ఆ దినాన ఆయన నిలబడిన చోట మేము నిలబడలేకపోయేవాళ్ళమని ఒప్పుకుంటాము.

ఆయన మూలవాక్యం మీకా 6వ అధ్యాయం 8వ వచనం. న్యాయం, కనికరం, దీనమనస్సు గురించిన ఆ మాట మనకందరికీ కంఠతా వచ్చినదే. దాని మీద నిలబడి తన ప్రజలనే ప్రశ్నించాడు. ఆ షరతుల్లో న్యాయమెక్కడ, ఈ దండయాత్రలో కనికరమెక్కడ అన్నాడు. మన ఇళ్ళల్లో విధవలు, అనాథలు ఏడుస్తున్నారు సరే, జూలూల ఇళ్ళల్లో ఏడ్చేవాళ్ళు లేరా అని అడిగాడు. ఎదురుగా కూర్చున్నవారు నిన్నమొన్న మనుషులను పోగొట్టుకున్నవారు. ఎలా విని ఉంటారు? ఊరిలో ఆయనకు మిగిలిన మిత్రులు చాలా తక్కువ.

ఆ మాట యుద్ధాన్ని ఆపలేదు. జూలై 4న ఉలుండి దగ్గర గంట తిరక్కముందే అంతా ముగిసింది. ఇంగ్లీషు వైపు పోయినవారు పదిహేనుమంది లోపు, జూలూలు వెయ్యికి పైగా. రాజనగరు తగలబెట్టారు. ఆగస్టులో రాజును పట్టుకొని కేప్‌టౌన్ కోటలో పెట్టారు. రాజ్యాన్ని 13 ముక్కలు చేశారు. ఆ ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టుకొని, యుద్ధంలో మిగిలిన దాన్ని కూడా నాశనం చేసుకున్నాయి. కొలెన్సో మాత్రం చెరలోని రాజు కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1883లో కన్నుమూశాడు. ఆయన కూతుళ్ళు ఆ పనిని విడిచిపెట్టలేదు.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట మా సంఘంలోని ఒక పెద్ద కుటుంబానికీ, మందిరానికి రాని పక్క రైతు కుటుంబానికీ పొలం గట్టు తగాదా వచ్చింది. సర్వేయరు వచ్చి కొలిచాడు. మా వాళ్ళు పక్కవారి చేనులోకి నాలుగు సాళ్ళు జరిగారని తేలింది. ఆ కాగితం మా వాళ్ళు మాకు చూపించారు కూడా. మడిచి తిరిగి ఇచ్చేశాము, ఏమీ అనలేదు. మందిరం పైకప్పుకు సిమెంటు ఇచ్చింది ఆ కుటుంబమే మరి. పైగా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, శత్రువుల ఆలోచనలు చెదరగొట్టమని వారి పేరున ప్రార్థించాము. సంఘమంతా ఆమెన్ అంది.

తర్వాత వారంలో గట్టు మీద కర్రలు లేచాయి. రెండు వైపులా దెబ్బలు తగిలాయి. మేము పండ్లు తీసుకొని ఆసుపత్రికి వెళ్ళి, మా కుర్రవాడి తలమీద చేయి ఉంచి ప్రార్థించాము. పక్క మంచంమీద అవతలి కుర్రవాడు, విరిగిన చేతికి కట్టుతో పడుకొని ఉన్నాడు. వాళ్ళమ్మ మావైపే చూస్తోంది. తల వంచుకొని బయటికి వచ్చేశాము.

కొలెన్సో ప్రసంగం గురించి చదివిన రాత్రి మాకు కనబడింది ఆ తల్లి ముఖమే. మేమూ తీర్పు కాగితాన్ని మడిచినవాళ్ళమే. మేమూ మందిరాన్ని గోదాము చేసి, ఒక పక్షం సరుకు దాచినవాళ్ళమే.

మొన్న నెలలో ఆమె ఇంటికి వెళ్ళాము. అరుగు మీద కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. "అమ్మా, ఆ రోజు మీ అబ్బాయిని పలకరించకుండా వెళ్ళిపోయాము. తప్పు చేశాము" అన్నాము. కాసేపు ఊరుకొని, "ఆ రోజు మీ పండ్ల కోసం చూడలేదయ్యా. మీ దేవుడు మావాడిని కూడా చూస్తాడేమోనని చూశా" అంది. మా దగ్గర జవాబు లేకపోయింది.

అక్కడి నుంచి మా పెద్దల ఇంటికి వెళ్ళి, గట్టు వెనక్కి జరపమని చెప్పాము. ఆలోచిస్తామన్నారు. మూడు ఆదివారాలుగా మందిరానికి రావడం లేదు. గట్టు కూడా జరగలేదు. వారి కోసం ప్రార్థిస్తున్నాము, ఈసారి వేరే విధంగా.

ప్రియులారా, మీ ఊళ్ళో కూడా ఒక గట్టు ఉంటుంది. ఈ వారం ప్రార్థనలో మన వాళ్ళ పేర్లతోపాటు, ఆ గట్టు అవతల ఏడుస్తున్న ఒక్కరి పేరైనా ప్రభువు సన్నిధిలో పలకండి. పేరు తెలియకపోతే వెళ్ళి అడగండి. మేము కూడా అలా అడిగే ఆ అబ్బాయి పేరు తెలుసుకున్నాము.

ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమెన్.