ట్రేలో రెండు పసుపు మాత్రలు

భిలాయిలో నర్సింగ్ విద్యార్థినులకు ఔషధశాస్త్రం చెప్పే నాకు మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: మందులు ఎక్కడి నుంచి వస్తాయి? మొక్కలు, జంతువులు, ఖనిజాలు, సూక్ష్మజీవులు, ప్రయోగశాల. పిల్లలు ఒక్కో దానికి రెండేసి ఉదాహరణలు రాసుకుంటారు, పరీక్షలో అవే అప్పజెబుతారు.

ఆ రోజు బొగ్గు తారు గురించి చెబుతున్నాను. ఉక్కు ఊళ్ళో ఆ మాట చెప్పడం తేలిక. క్లాసులో చాలామంది తండ్రులో, తాతలో ప్లాంటులో పనిచేసినవాళ్ళే. 1959 నుంచి ఇక్కడి కోక్ ఓవెన్లలో బొగ్గు కోక్‌గా మారుతోంది. ఆ వేడికి వెలువడే వాయువుల నుంచే తారు, అమోనియా, బెంజాల్ వస్తాయి. అలాంటి తారు నుంచే 1834లో జర్మనీలో ఫీనాల్‌ను వేరుచేశారు. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ దాన్ని గాయాల కట్లకు వాడి చీము పట్టకుండా చూశాడు. తారుతో మొదలైన రంగుల పరిశ్రమే 1930ల్లో గెర్హార్డ్ డోమాక్ చేతికి ప్రాంటోసిల్‌ను, అంటే తొలి సల్ఫా మందును అందించింది.

అప్పుడు కాంకేర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి హిందీలో అడిగింది: “మేడమ్, ఇది పరీక్షకా, వార్డుకా?”

ఆ గొంతులో పొగరు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. “రెండింటికీ” అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి కూర్చుంది. కానీ ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ: నర్సుకు మనం నేర్పే అయిదు సూత్రాలు ఇవి. ఈ అయిదింటిలో ‘ఎక్కడి నుంచి’ అన్నది లేదు. రాత్రి డ్యూటీలో వార్డు నిండా మంచాలు, ఒక్కతే పిల్ల. ఆమెకు లిస్టర్ ఎందుకు? కథలు నాకు ఇష్టం కనుక చెబుతున్నానా, ఆమెకు అవసరం కనుక చెబుతున్నానా? చదువు చెప్పేవాళ్ళం ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు మనకు మనం వేసుకోక తప్పదు.

కొన్ని నెలల తరువాత అదే బృందంతో వార్డులో ఉన్నాను. కీళ్ళవాతంతో ఉన్న ఒక పెద్దావిడ ట్రేలో రెండు రకాల చిన్న పసుపు మాత్రలున్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. రెండోది ఫోలిక్ ఆమ్లం, అది వేరే రోజున. ఎందుకలా అని అడిగింది ఆ అమ్మాయే. మందుల ట్రాలీ పక్కనే నిలబడి వాళ్ళకు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్పాను.

సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు మింగేసిన ఇంటి నుంచి వచ్చినవాడాయన. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతను సరిచేసే పదార్థం కోసం వెతుకులాట చాలాచోట్ల సాగింది. బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో రాసింది. 1941లో ఆ పదార్థాన్ని అమెరికాలో పాలకూర నుంచి తీశారు. సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1940ల నడుమ దాన్ని తయారుచేసి చూపించింది. అదే ఫోలిక్ ఆమ్లం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఆ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా పెరిగింది. అలాగైతే ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు కావాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. లెడర్లీ బృందం అమినోప్టెరిన్‌ను అందించింది. దానితో కొందరు పిల్లల్లో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే.

అంటే ట్రేలో ఉన్న ఆ రెండూ ఒకే పరిశోధన కడుపున పుట్టాయి. మెథోట్రెక్సేట్ రూపంలో ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. చుట్టం వేషంలో ఇంట్లోకొచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుని అసలు చుట్టాన్ని రానివ్వదు. వారానికోసారి వేయాల్సిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేస్తే నోరు పుండవుతుంది, ఎముక మజ్జ చచ్చుబడుతుంది, ప్రాణమే పోవచ్చు. ప్రపంచంలో అనేకచోట్ల అలా ప్రాణాలు పోయాయి కూడా. నేను చెప్పడం ముగించాక ఆ అమ్మాయి మందుల కార్డు తీసి వారం పేరు వెతికింది. “బుధవారం” అని పైకి చదివింది. సరైన వేళ అన్న సూత్రం ఆమెకు ముందే వచ్చు. ఆ వేళ ఎందుకు సరైనదో ఆ క్షణాన అర్థమైంది. అర్థమైనది అలసటలో కూడా మరుపురాదని నేను నమ్ముతున్నాను.

ఫోలిక్ ఆమ్లం ఛత్తీస్‌గఢ్‌కు పరాయి మందు కాదు. సికిల్ సెల్ జబ్బు ఇక్కడ ఎక్కువ. ఎర్ర కణాలు వేగంగా విరిగిపోతుంటే కొత్తవి తయారవడానికి పిల్లలకు ఇచ్చేది ఈ మాత్రే.

సర్పగంధ అనే మొక్క వేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తపోటు మీద దాని పనితనాన్ని 1949లో రుస్తుం జాల్ వకీల్ ఒక బ్రిటిష్ పత్రికలో వివరించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందును తీశారు. ఆ పాఠం రోజున ఆ అమ్మాయి, “మా ఊళ్ళో ఆ వేరు ఇప్పటికీ తవ్వుతారు మేడమ్, మా నానమ్మ నిద్రపట్టని వాళ్ళకిస్తుంది” అంది. కొందరు నవ్వారు. నవ్వాల్సింది కాదది. ఆ వేరుకు శక్తి ఉంది, కనుకనే ప్రమాదమూ ఉంది. ఇంట్లో ఆ వేరు, ఆసుపత్రిలో బీపీ మాత్ర, రెండూ కలిస్తే రక్తపోటు పడిపోవచ్చు. మోతాదు మించితే మనసు కుంగిపోవచ్చని కూడా తరువాత హెచ్చరించారు. పల్లె గుర్తించిన గుణానికి ప్రయోగశాల కొలత ఇచ్చింది; రెండిట్లో దేన్నీ చిన్నచూపు చూడలేం. మందుల పుట్టుక తెలిసిన నర్సు, వేరు వాడామన్న రోగిని కసరదు. ఏ వేరు, ఎంత, ఎప్పటి నుంచి అని అడుగుతుంది.

తిడతారన్న భయంతోనే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ సంగతి దాస్తారు. రేపు మీలో ఎవరైనా ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఇంట్లో ఆకు, వేరు, పొడి ఏమైనా వాడారా అని నర్సు అడిగితే దాచకండి. ఆమె అడగకపోతే మీరే చెప్పండి.