శ్రీశైలం డ్యామ్‌ను రెండుసార్లు చూడాలి

ఆగస్టు వచ్చిందంటే మన ఫోన్లలో ఒకటే వీడియో. శ్రీశైలం గేట్లు ఎత్తారు! తెల్లటి నురగ, తుంపర్లలో ఇంద్రధనుస్సు, ఘాట్ రోడ్డు మీద కార్ల బారు. బాగుంటుంది, కాదనను. కానీ గేట్ల ముందు సెల్ఫీ దిగి తిరిగొచ్చేస్తే సగమే చూసినట్టు. డ్యామ్ వెనక ఉంది అసలు అందం.

కృష్ణమ్మ ఇక్కడ నల్లమల కొండల్ని కోసుకుంటూ లోతైన లోయలో పారేది. ఆ లోయకు అడ్డంగా కట్టాలని 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దాని పేరు నీలం సంజీవరెడ్డి సాగర్. నిండితే నీటిమట్టం 885 అడుగులు. కొండలు నడుము దాకా నీళ్లలో నిలబడినట్టు ఉంటాయి.

పాతాళగంగ దగ్గర రోప్‌వే ఎక్కి కిందికి దిగుతుంటే ఆ లోతు అర్థమవుతుంది. అక్కడి నుంచి అక్కమహాదేవి గుహలకు బోటు తీసుకోండి. రెండు పక్కలా నిలువు బండలు, వాటి మీద అడవి. నది ఒక్కో మలుపు తిరిగేకొద్దీ వెనకటి కొండ మూసుకుపోయి ముందు ఇంకో కొండ తెరుచుకుంటుంది. కాసేపటికి ఫోన్ సిగ్నల్ పోతుంది. పోనీండి, మంచిదే.

మాది జొన్నగిరి. తొలకరి పడితే పొలాల్లో వజ్రాలు వెతుక్కునే ఊరు. చేను ఎండిపోవడం చూస్తూ పెరిగినవాళ్లం మేము. అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే ఎవరికో ఏమో గానీ, మావైపు వాళ్లకు గుండె నిండిపోతుంది.

ఇక రెండోసారి ఎండాకాలంలో వెళ్లండి. ఈసారి శ్రీశైలం కాదు, ఇదే జలాశయం ఎగువన నందికొట్కూరు వైపు ఉన్న సంగమేశ్వరం. అక్కడ లోయ ఉండదు, కనుచూపు మేర బయలే. ఏడు నదులు కలిసే చోటని పేరు. గర్భగుడిలో ఉండేది వేపమొద్దు లింగం. ఏటా వరదొస్తే గుడి మునుగుతుంది, నీళ్లు తగ్గితే మళ్లీ బయటపడుతుంది.

గుడి ఒక్కటే కాదు మునిగేది. ఈ జలాశయం కింద సుమారు 100 ఊళ్లు పోయాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ముంపు కుటుంబాల వాళ్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు.

సంగమేశ్వరం ఒడ్డున నేను వరసగా ఫోటోలు తీస్తుంటే ఒక పడవాయన పక్కకొచ్చి స్క్రీన్ చూశాడు. “బాగొచ్చింది సార్. ఆ ఫోటోలో మా ఊరు గూడా ఉండాది” అన్నాడు. నాకు నీళ్లే కనిపించాయి. ఆయన చెయ్యి చాపి చూపించాడు: అదో, ఆడ రచ్చకట్ట, ఈ పక్క మా నాయన చేను. కోపంగా చెప్పలేదు. దారి అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు.

అక్కడికి దగ్గర్లోనే మల్యాల. హంద్రీ-నీవా పంపులు ఈ నీళ్లనే ఎత్తి కాలువలో పోస్తాయి. కృష్ణగిరి, పత్తికొండ ప్రాంతాల మీదుగా అనంతపురం జిల్లాలోని జీడిపల్లి దాకా పోతాయి. అంటే ఆ పడవాయన చేను మీద నిలిచిన నీళ్లే మా కరువు సీమకు వస్తున్నాయి. ఈ సంగతి మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. కాలువ చూసి సంబరపడే మా పిల్లలకైనా చెప్పాలి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. లోయ అందం కోసమైతే ఆగస్టు నుంచి నవంబరు మంచిది. సంగమేశ్వరం గుడి కోసమైతే నీటిమట్టం ఎంతుందో కనుక్కుని ఎండాకాలంలో బయల్దేరండి. నల్లమల పులుల అడవి. రాత్రిపూట గేట్లు మూసేస్తారు కాబట్టి వెలుగుండగానే దాటండి. బోటులో లైఫ్ జాకెట్ విప్పొద్దు, వాటర్ బాటిళ్లు నీళ్లలో పడేయొద్దు.

పడవ నడిపే పెద్దాయనను మాత్రం ఒక్క మాట అడగండి: “మీ ఊరు ఎక్కడుండేది?” అని. పోస్టులో లొకేషన్ పెట్టేటప్పుడు ఆ ఊరి పేరు కూడా రాయండి.