గురుఋణం

గురువు నీడలో ఎదగడం ఒక భాగ్యం. ఆ నీడను దాటి తానే మరికొందరికి నీడ కావడం ఒక బాధ్యత. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ శిక్షకుడు రాన్ బరాసీ జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

బరాసీ 1936లో విక్టోరియా రాష్ట్రంలోని కాసిల్‌మెయిన్‌లో జన్మించాడు. అతని తండ్రి 1940లో విజేతగా నిలిచిన మెల్‌బోర్న్ జట్టు క్రీడాకారుడు. మరుసటి ఏడాదే రెండవ ప్రపంచయుద్ధంలో, ఉత్తర ఆఫ్రికాలోని టొబ్రుక్‌లో అసువులు బాశాడు. అప్పటికి బాలునికి ఐదేళ్ళు. తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్, కొన్నేళ్ళ తరువాత ఆ కుర్రవానికి తన ఇంట ఆశ్రయమిచ్చాడు. మెల్‌బోర్న్ జట్టుకు శిక్షకుడూ ఆయనే. 1955 నుండి 1964 వరకు ఆ గురువు శిక్షణలో, ఆ శిష్యుని ఆటతో మెల్‌బోర్న్ ఆరుసార్లు విజేత అయింది.

సరిగ్గా ఆ ఔన్నత్యవేళ బరాసీ గురువును విడిచి, 1965లో కార్ల్‌టన్ జట్టుకు సారథిగా, శిక్షకునిగా వెళ్ళాడు. అభిమానులు నివ్వెరపోయారు. పలువురు నిందించారు. అతడు మాత్రం కొత్త జట్టును క్రమశిక్షణతో తీర్చిదిద్దడంలో నిమగ్నుడయ్యాడు. 1968లో కార్ల్‌టన్‌కు ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత విజయం దక్కింది.

ఈ ఆటలో జట్టుకు 18 మంది మైదానంలో ఉంటారు. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి సహచరునికి అందించవచ్చు. గోలుకు ఆరు పాయింట్లు. 1970 తుదిపోరును 1,21,696 మంది ప్రేక్షకులు తిలకించారు. సగం ఆట ముగిసేసరికి కార్ల్‌టన్ 44 పాయింట్లు వెనుకబడింది. విరామవేళ బరాసీ కోరింది ఒక్కటే: సంకోచం విడిచి, పిడికిలితో బంతిని అందించుకుంటూ వేగంగా దాడి చేయమన్నాడు. అప్పటివరకు బయట కూర్చున్న టెడ్ హాప్‌కిన్స్‌ను బరిలోకి దింపాడు. హాప్‌కిన్స్ నాలుగు గోల్స్ చేశాడు. కార్ల్‌టన్ 10 పాయింట్ల తేడాతో గెలిచింది.

1972లో అట్టడుగున నిలిచిన నార్త్ మెల్‌బోర్న్ బాధ్యతను బరాసీ మరుసటి ఏడాది స్వీకరించాడు. 1925 నుండి లీగ్‌లో ఆడుతున్న ఆ జట్టుకు 1975లో తొలి విజయాన్నీ, 1977లో మరొక విజయాన్నీ సాధించిపెట్టాడు.

1981లో శిక్షకునిగా మళ్ళీ మెల్‌బోర్న్ చేరాడు. ఆ ఐదేళ్ళలో విజయపీఠం దక్కలేదు. అయినా ఐర్లండ్ యువకులకు ఈ ఆట నేర్పవచ్చునని ఆయన నమ్మాడు. అలా 1984లో వచ్చిన జిమ్ స్టైన్స్, 1991లో లీగ్ అత్యుత్తమ క్రీడాకారునిగా బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు. అప్పటికి బరాసీ ఆ జట్టును వీడి ఆరేళ్ళయింది. తాను నాటిన మొక్క ఫలించింది. ఆ ఫలం మరొకరి కాలంలో పండింది.

2023లో బరాసీ కన్నుమూశాడు. తండ్రిలేని బాలునికి ఒక గురువు తలుపు తెరిచాడు. ఆ బాలుడు పెరిగి, ఎక్కడినుండో వచ్చిన పరాయి యువకులకు ఆట తలుపు తెరిచాడు. గురుఋణం తీరే మార్గం ఇదే.